డై మరక వారంలో పోతుంది, రుద్దిన మచ్చ నెలల తరబడి ఉంటుంది

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఈ ఆదివారం మా చెల్లి నిశ్చితార్థం. అనంతపురం నుంచి వచ్చిన నాన్నకు (62 ఏళ్లు, షుగర్ ఉంది) మంగళవారం రాత్రి నేనే ఇంట్లో నల్ల డై వేశాను. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక నల్లటి మరకలు పడ్డాయి. నుదుటి మీద నిమ్మకాయ, వంటసోడా కలిపి రుద్దాను, పోకపోతే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచాను. మరక కొంచెం తగ్గింది కానీ నుదురు ఎర్రబడింది, మండుతోందని నాన్న అంటున్నారు. ఆదివారంలోపు పోవాలంటే ఇంకేం వాడాలి?

జవాబు: ముందు నుదురు రుద్దడం ఆపేయండమ్మా, ఈ క్షణం నుంచే. నిమ్మకాయ, సోడా, రిమూవర్ మూడూ పక్కన పెట్టండి. నాన్నగారికి ఆ మరక వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు, దాన్ని పోగొట్టాలని చేసే ప్రయత్నం వల్లే చర్మం దెబ్బతింటోంది.

డైలో అసలు రంగు తల మీద పెట్టాక పుడుతుంది. పారాఫినైలిన్ డయమిన్, అంటే డబ్బా మీద పీపీడీ అని కనిపించే రసాయనం, దానితో పాటు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి అరగంటలో పెద్ద పెద్ద రంగు అణువులుగా మారి వెంట్రుక లోపల ఇరుక్కుంటుంది, అందుకే ఎన్నిసార్లు తలస్నానం చేసినా ఆ రంగు పోదు. అదే పని చర్మం పైపొరలో కూడా జరుగుతుంది. అయితే ఆ పైపొర చచ్చిపోయిన కణాలది, రోజూ కొంచెం కొంచెంగా రాలిపోతూనే ఉంటుంది కాబట్టి మామూలు స్నానాలతోనే నాలుగు రోజుల నుంచి వారంలో మరక వెళ్లిపోతుంది. గోళ్లకు అంటితే మాత్రం గోరు పెరిగేదాకా ఆగాలి, నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది.

తొందరపడి రుద్దితే ఏమవుతుందో నేను పెళ్లిళ్ల సీజన్లో ప్రతిసారీ చూస్తాను. మన రంగు చర్మానికి ఎక్కడ ఒరుసుకున్నా, మంట పెట్టినా, అది మానాక అక్కడ గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. డై మరక వారంలో పోయేది, ఈ మచ్చ నెలల తరబడి పోదు. మరక కోసం బట్టల బ్లీచ్ రాసుకుని, కాలు మడమలు తోమే రాయితో నుదురు తోముకుని వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా ముందే ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. నిమ్మరసం పూసిన చర్మానికి ఎండ తగిలితే ఇంకా నల్లబడే ప్రమాదం కూడా ఉంది. నెయిల్ పాలిష్ రిమూవర్ చర్మంలోని నూనెను లాగేసి ఎండగడుతుంది, పైగా కళ్లకు అంత దగ్గరలో ఆ ఆవిరి అసలే మంచిది కాదు.

ఇప్పుడు ఎర్రబడిన చోట ఏం చేయాలంటే, చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు వేయండి, తర్వాత పల్చగా వాజిలిన్ రాయండి, అంతే. అక్కడ సబ్బు వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు, స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు ముఖానికి అస్సలు వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు చర్మం చిట్లితే మానడం ఆలస్యం, ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఉంటుంది కాబట్టి నీరు కారినా, చీము పట్టినా ఆదివారం దాకా ఆగకండి.

చెవులు, మెడ ఎర్రబడలేదనుకుంటే అక్కడ కొబ్బరినూనె చాలు. దూదితో పట్టించి పావుగంట వదిలేసి తడి గుడ్డతో ఒకే వైపుకి నెమ్మదిగా తుడవండి, తర్వాత మెత్తటి సబ్బుతో కడిగేయండి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. నూనె రంగును మాయం చేయదు, చచ్చిన పొరను మెత్తబరిచి తొందరగా ఊడొచ్చేలా చేస్తుంది, అందుకే రెండోరోజుకి గానీ తేడా తెలియదు. ఇంట్లో మేకప్ తీసే లోషన్ ఉంటే అదీ వాడొచ్చు.

ఇంకో సంగతి, మీ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో వస్తాయి, ఆ ఉప్పు నీళ్లకు సబ్బు నురగ రాదు, నురగ రాలేదని మనం ఇంకా గట్టిగా రుద్దుతాం. ఈ నాలుగు రోజులు ముఖం వరకు ఒక చెంబెడు ఫిల్టర్ నీళ్లు వాడండి.

నేను మిమ్మల్ని నిజంగా కంగారు పడమనేది ఒక్క విషయంలోనే. మీరు చెప్పిన మంట రుద్దిన చోటే, రుద్దగానే మొదలైంది కాబట్టి అది ఒరుసుకోవడం వల్ల వచ్చినట్టే ఉంది. కానీ పీపీడీ అలర్జీ వేరు. అది వేసిన రోజు కనపడకుండా ఒకటి రెండు రోజులు ఆగి కూడా రావచ్చు, మంట కన్నా దురద ఎక్కువ, నుదుటి అంచున, చెవుల వెనక, మెడ మీద చిన్న పొక్కులు లేస్తాయి, కనురెప్పలు ఉబ్బుతాయి. అందుకని శుక్రవారం రాత్రి దాకా నాన్నగారి కళ్ల చుట్టూ, చెవుల వెనక గమనిస్తూ ఉండండి. అలాంటివి కనిపిస్తే షాంపూతో తల మళ్లీ బాగా కడిగించి వెంటనే స్కిన్ డాక్టర్‌కు చూపించండి. బౌరింగ్, విక్టోరియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ‘ఇరవై ఏళ్లుగా ఇదే డై వేస్తున్నాను, నాకేం కాదు’ అని చాలామంది పెద్దవాళ్లు అంటారు, కానీ ఈ అలర్జీ ఎన్నేళ్లు వాడాకైనా మొదలవ్వచ్చు, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఆదివారానికి మరక చాలావరకు పల్చబడుతుంది. ఇంకా కొంచెం కనిపిస్తే నుదురు మామూలుగా ఉన్నప్పుడే పైన కాస్త కాంపాక్ట్ అద్దండి, ఎర్రగా ఉంటే అదీ వద్దు. గంధం, కుంకుమ బొట్టు మధ్యలో మంచి చర్మం మీదే పెట్టమనండి. ఆరోజు గడ్డం గీయించుకున్నాక పటిక, ఆఫ్టర్ షేవ్ నుదుటి దాకా పోనివ్వకండి.

ఇకపై డై వేసేటప్పుడు ముందుగా నుదుటి అంచున, చెవుల చుట్టూ వాజిలిన్ పూయండి, చేతులకు గ్లవ్స్ తొడుక్కోండి, చర్మానికి తగిలిన చుక్కను తగిలిన వెంటనే తడి దూదితో తుడిచేయండి, అరగంట తర్వాత ఎంత తుడిచినా లాభం లేదు. కనుబొమ్మలకు మాత్రం వేయొద్దు. 48 గంటల ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి చూసుకోవడం ప్రతిసారీ చేయాలి, ఫంక్షన్‌కి వారం ముందే వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. హెన్నా అని రాసి ఉన్న నల్ల పొడుల్లో కూడా పీపీడీ కలిసి ఉండొచ్చు, ప్యాకెట్ వెనక చదివి తీసుకోండి.

మీ చెల్లికి నిశ్చితార్థానికి కోన్ పెట్టిస్తున్నారేమో, అదీ చూడండి. గోరింటాకు ఎర్రగానో గోధుమ రంగులోనో పండుతుంది, అచ్చంగా నల్లగా పండదు. నల్లగా పండే కోన్ అయితే అందులోనూ ఇదే రసాయనం ఉండే అవకాశం ఎక్కువ, పెట్టించకండి.