పసుపెక్కిన వరికి జన్యు పరీక్ష అవసరమా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. రెండెకరాల్లో ఆర్‌జీఎల్ 2537 రకం వరి ఉడుపులు అయ్యి 35 రోజులైంది. అక్కడక్కడా దుబ్బులు గిడసబారి, ఆకులు కొస నుంచి పసుపు, నారింజ రంగులోకి తిరుగుతున్నాయి. కొట్టులో అడిగితే జింకు లోపం అన్నారు. రెండుసార్లు పిచికారీ చేశాను, యూరియా కూడా వేశాను. మార్పు లేదు. పంజాబులో వరి పొట్టిగా ఉండిపోతే జన్యు పరీక్షతో వైరస్‌ని పట్టుకున్నారని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. మేమూ ఆ పరీక్ష చేయించాలా? దీనికి మందుందా?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మందు సంగతి ముందే చెప్పేస్తాను. వైరస్ సోకిన దుబ్బును బాగుచేసే మందు లేదు. ఎంత పెద్ద పరీక్ష చేయించినా ఆ మాట మారదు. యూరియా మాత్రం ఇక వేయకండి. లేతగా పెరిగిన ఆకంటే వైరస్‌ని మోసే పురుగుకి ఇంకా ఇష్టం.

మీరు రాసిన లక్షణాలను బట్టి నా అనుమానం టుంగ్రో మీద. అది పచ్చ దీపపు పురుగు మోసుకొచ్చే వైరస్ రోగం. మీ అబ్బాయి చూసింది వేరే రోగం. 2022లో పంజాబు, హర్యానాల్లో కనిపించిన పొట్టి రోగాన్ని తెల్లవీపు దోమ మోసుకొస్తుంది. ఆ మొక్కలు పసుపెక్కవు, ముదురాకుపచ్చగానే కుంగిపోతాయి. కాండాన్ని వేలితో నిమిరితే చిన్న బొడిపెలు గరుకుగా తగులుతాయి. ఇక జింకు లోపమైతే మొదట ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, రెండు మూడు పిచికారీలకు చేను తేరుకుంటుంది. ఒక దుబ్బు నారింజ రంగులో, దాని పక్క దుబ్బు పచ్చగా ఉందంటే నేను ముందు వైరస్‌నే అనుమానిస్తాను.

ల్యాబుకి వెళ్లే ముందు ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. ఇంటర్, డిగ్రీ కాలేజీ ల్యాబులో ఎవరైనా తెలిసినవాళ్లుంటే 100 మి.లీ. నీటిలో 6 గ్రాముల పొటాషియం అయోడైడ్, 2 గ్రాముల అయోడిన్ కలిపించుకోండి. తెల్లవారుజామున, 6 గంటల్లోపే, అనుమానమున్న దుబ్బు నుంచి ఆకు కొసను 10 సెం.మీ. పొడవున కోసి, కోసిన వైపు ఆ ద్రావణంలో 15 నిమిషాలు ఉంచండి. తర్వాత నీళ్లతో కడిగి చూడండి. ముదురు నీలం చారలు కనిపిస్తే టుంగ్రో అనుమానం బలపడినట్టే. ఆరోగ్యంగా ఉన్న ఆకు పగలు తయారు చేసిన పిండిపదార్థాన్ని రాత్రికి రాత్రే కిందకు పంపేస్తుంది, జబ్బు ఆకులో అది నిలిచిపోతుంది. అందుకే పొద్దెక్కాక కోస్తే మంచి ఆకు కూడా నీలమై మనల్ని మోసం చేస్తుంది. పచ్చగా ఉన్న దుబ్బు ఆకును కూడా పక్కన పెట్టి పోల్చండి.

ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. రుజువు కావాలంటే పీసీఆర్. కరోనాకి ముక్కులో పుల్ల పెట్టి చేశారే, అదే పద్ధతి. తెలిసిన వైరస్ ఉందో లేదో అది చెప్పేస్తుంది. జన్యుక్రమం చదవడం, అంటే వైరస్ జన్యువుల్లోని అక్షరాల వరుసను మొత్తం చదవడం, దాని తర్వాతి మెట్టు. టుంగ్రోలో నిజానికి రెండు వైరస్‌లుంటాయి. కడ్డీ ఆకారంలో ఉండేదాని జన్యుక్రమం సుమారు 8 వేల అక్షరాలు, గుండ్రటిదానిది 12 వేలు. మొక్కను పాడుచేసేది ఎక్కువగా కడ్డీది. కానీ గుండ్రటిది తోడు లేనిదే పచ్చ దీపపు పురుగు దాన్ని ఇంకో దుబ్బుకు మోయలేదు. ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నమూనాల్లోని కడ్డీ వైరస్ క్రమాన్ని 2002 నాటికే పూర్తిగా చదివారు. ఆగ్నేయాసియాలోని వైరస్ రకాలతో దానికి తేడాలున్నాయి. ఆ తేడాలు తెలియబట్టే మన వైరస్‌కి సరిపోయే పీసీఆర్ తయారు చేసుకోగలం. పీసీఆర్‌లో ఏమీ దొరకకుండా రోగం మాత్రం పాకుతుంటే, అప్పుడు క్రమం చదివించడం తప్పదు. మీ చేను ఇంకా అంతదాకా రాలేదని నా అభిప్రాయం. సొంత డబ్బు పెట్టొద్దు.

నమూనాను రాగోలు పరిశోధనా స్థానానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో (కేవీకే) తీసుకెళ్లండి. ఎండిపోయిన ఆకు పనికిరాదు. ఇప్పుడిప్పుడే రంగు మారుతున్న ఆకులను ఐదారు దుబ్బుల నుంచి కోసి, కవర్లో పెట్టి, ఐసు డబ్బాలో అదే రోజు చేర్చండి. గుండ్రటి వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ, అది చేపలాగే ఐసు లేకపోతే పాడైపోతుంది.

ఈలోగా దుబ్బులను తట్టి పచ్చ దీపపు పురుగులు లెక్కపెట్టండి. రోగం కనిపించిన చేలో దుబ్బుకు రెండున్నా ఎక్కువే. అలా ఉంటే ఎకరాకు 40 గ్రాముల థయామెథాక్సామ్ 25 డబ్ల్యూజీని 200 లీటర్ల నీటిలో కలిపి, గట్ల గడ్డి కూడా తడిసేలా కొట్టండి. పురుగు లేకపోతే కొట్టొద్దు. జబ్బు దుబ్బులు కొద్దిగానే ఉంటే పీకి పూడ్చేయండి. ఈ వైరస్ విత్తనంతో రాదు, కాబట్టి గింజల గురించి టెన్షన్ పడకండి.

నాకు భయమల్లా కోత తర్వాతే. మన దగ్గర వరి కోతకు ముందే మినుము, పెసర చల్లేస్తాం. దున్నం కాబట్టి మోళ్లు చిగురిస్తాయి. ఆ చిగుళ్లలో వైరస్, దాని మీద పురుగు, రెండూ నిలిచిపోతాయి. పసుపెక్కిన జాగాలో మోళ్లు పీకేయాలి. ఇప్పుడే అక్కడ నాలుగు కర్రలు పాతి ఉంచండి, కోత అయ్యాక ఆ జాగా ఏదో గుర్తుపట్టలేరు.