గిటారు స్పీకరును వాయిదాల్లో కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. చేతికి రూ.68,000 జీతం వస్తుంది. అద్దె, ఇంటికి పంపే డబ్బు, తిండి, ప్రయాణాలకు రూ.48,000 అవుతుంది. మ్యూచువల్ ఫండ్లలో నెలకు రూ.5,000 సిప్ చేస్తున్నాను. వాయిదాల్లో తీసుకున్న గిటారు మోడలర్‌కు (యాంప్లిఫైయర్ ధ్వనిని అనుకరించే పరికరం) ఇంకా 5 నెలలు రూ.4,500 చొప్పున కట్టాలి. బ్యాంకులో రూ.40,000 ఉన్నాయి. రాత్రి 9 దాటాకే వాయించడానికి వీలవుతుంది. హెడ్‌ఫోన్‌తో విసుగొచ్చింది. 12 అంగుళాల పవర్డ్ క్యాబినెట్‌ను (యాంప్లిఫైయర్ లోపలే ఉండే స్పీకరు పెట్టె) రూ.60,000కు ‘నో కాస్ట్ ఈఎంఐ’లో 12 నెలలకు తీసుకోవాలనుకుంటున్నాను. రేపు బ్యాండ్‌లో చేరినా పనికొస్తుంది కదా! సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ విసుగు అర్థమవుతోంది. చెవిలో ఎంత బాగా వినిపించినా, తీగ మీటినప్పుడు గదిలో గాలి కదలకపోతే వాయించిన తృప్తి ఉండదు. కాబట్టి స్పీకరే వద్దని చెప్పను. ఆ 12 అంగుళాల పెట్టె మాత్రం వద్దు. అందులో మీరు డబ్బు పెట్టేది వేదిక నిండే శబ్దానికి. మీరు వాడుకోగలిగేది గదిలో వినిపించేంత.

పెట్టె మీది వాట్లు చూసి మోసపోకండి. హెడ్‌రష్ కంపెనీ 8 అంగుళాల క్యాబినెట్ మీద 2000 వాట్లని ఉంటుంది. అది క్షణకాలపు గరిష్ఠ శక్తి, నిలకడగా అందేది అందులో సగం. పైగా వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలుగా వినిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. ఇంకోవైపు, ఇలాంటి స్పీకరు ఒక్క వాటుతోనే మీటరు దూరంలో దాదాపు 90 డెసిబెల్స్ ఇస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. ఇక ఆ వాల్యూమ్ మీట ఎక్కడ ఆగుతుందో ఊహించండి. సున్నాను దాటి వెంట్రుకవాసి కదుపుతారు, గోడ అవతలివాళ్లు గుర్తొచ్చి మళ్లీ తగ్గిస్తారు. ఆ స్థాయిలో కొన్ని క్యాబినెట్లలో ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకరు) నుంచి వచ్చే సన్నని బుస కూడా గిటారుతో పాటే వినిపిస్తుంది. తక్కువ శబ్దంలో మన చెవి మంద్రస్థాయిని సరిగా పట్టుకోదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. కాబట్టి ఎంత ఖరీదైన పెట్టె అయినా ఆ శబ్దంలో పలచగానే పలుకుతుంది.

మీకు నేను సూచించేది 5 అంగుళాల స్టూడియో మానిటర్ల (రికార్డింగ్ గదుల్లో వాడే స్పీకర్లు) జత. యాంప్లిఫైయర్, దాని స్పీకరు, ముందున్న మైకు, ఈ మూడింటి పనీ మోడలరే చేసేస్తుంది. వచ్చిన ధ్వనిని ఉన్నదున్నట్టు వినిపించేది ఉంటే చాలు. ఉదాహరణకు యమహా హెచ్ఎస్5 శక్తి 70 వాట్లే. బల్ల దగ్గర కూర్చుని వాయించేవారికి అదే ఎక్కువ. రెండూ చెవి ఎత్తులో, గోడకు కాస్త ఎడంగా పెట్టండి. మూలకు నెడితే మంద్రం ఉబ్బిపోతుంది. ప్రతిధ్వని ఎఫెక్టులు కుడి ఎడమలుగా విడిపోయి వినిపించడం ఒక్క పెట్టెతో సాధ్యం కాదు. ఆ ఆనందం కోసమైనా నేను జతకే ఓటేస్తాను.

బ్యాండ్ గురించి బెంగ వద్దు. వేదిక మీద మోడలర్ నుంచి కేబుల్ నేరుగా సౌండ్ మిక్సర్‌కు వెళ్తుంది, సౌండ్ ఏర్పాటు నిర్వాహకులే చూస్తారు. నెలనెలా ప్రదర్శనలు మొదలైతే పెద్ద క్యాబినెట్ సంగతి అప్పుడు చూద్దాం.

ఇక డబ్బు. ‘నో కాస్ట్’ అన్నా లోపల వడ్డీ ఉంటుంది. దుకాణం ఆ మేరకు తగ్గింపు ఇస్తుందంతే. 15 శాతం వడ్డీ లెక్కన మీ రూ.60,000లో సుమారు రూ.4,600 వడ్డీ. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.830, మీరే భరించాలి. ప్రాసెసింగ్ రుసుము అదనం. నిజానికి నన్ను ఆపుతున్నది ఈ రుసుములు కావు, మీ బ్యాంకు నిల్వ. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోకపోతే రూ.40,000 ఎన్నాళ్లు వస్తుంది? నెల ఖర్చు కూడా పూర్తిగా గడవదు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే రూ.1,44,000 పక్కన ఉండాలి. ఇంటికి డబ్బు పంపే కొడుకుగా ఇది మీకు మరీ ముఖ్యం.

ఇప్పుడు మీకు నెలకు రూ.10,500 మిగులుతోంది. అందులో రూ.6,500 అత్యవసర నిధికి, రూ.4,000 స్పీకర్లకు కేటాయించండి. 5 నెలల్లో స్పీకర్ల ఖాతాలో రూ.20,000 చేరుతుంది. మోడలర్ వాయిదా తీరాక ఆ రూ.4,500 కూడా ఇందులోనే కలిపితే, ఏడో నెలకు రూ.37,000. నగదుతో వెళ్లి ధర బేరమాడండి. స్పీకర్లు కొన్న మర్నాటి నుంచి ఆ రూ.8,500 కూడా అత్యవసర నిధికే మళ్లించండి.

వాడినవి దొరికితే ఇంకా ముందే కొనవచ్చు. అసలు బిల్లు అడగండి. ఏమీ కలపకుండా ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టి బుస ఎక్కువగా ఉందేమో వినండి. తర్వాత మీ మోడలర్ కలిపి, గిటారు లావు తీగను గట్టిగా మీటి, వూఫర్ (మంద్రం పలికే పెద్ద స్పీకరు) గరగరలాడుతోందేమో వినండి. విదేశాల నుంచి తెచ్చినవైతే వెనుక 230 వోల్టులని ఉందో లేదో చూడండి. 120 వోల్టులే అని ఉంటే ఎంత చవకైనా తీసుకోవద్దు.