పుట్టిన ఊరి కంటే ముందే భారతదేశాన్ని ఎంచుకున్న సేనాని

ప్రశ్న: మన హైదరాబాదు వాసి ఇద్రిస్ హసన్ లతీఫ్ భారత వాయుసేనకు అధిపతిగా పనిచేశారని మా తాతగారు చెప్పేవారు. ఆయన పదవిలో ఉన్నప్పుడు యుద్ధమేదీ రాలేదు కదా, మరి యుద్ధం చూసిన సేనాని అని ఆయనను అనవచ్చునా? దేశవిభజన నాడు పాకిస్తాన్ వాయుసేనలో చేరమని ఆయనకు పిలుపు వచ్చిందన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాదు

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజమే. 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదువుకున్న లతీఫ్ 1978 సెప్టెంబరు నుంచి 1981 ఆగస్టు వరకు ఎయిర్ చీఫ్ మార్షల్ హోదాలో వాయుసేనకు అధిపతిగా ఉన్నారు. సైన్యంలో జనరల్‌కు సమానమైన హోదా అది. ఆ మూడేళ్లలో యుద్ధం రాలేదు. అయితే ఆయన యుద్ధానుభవం అంతకు ముప్పై అయిదేళ్ల ముందే మొదలైంది.

పద్దెనిమిదేళ్ల వయసులో వాయుసేనలో చేరి, 1942లో అధికారిగా నియమితులైన ఆయన, మొదట కరాచీ నుంచి వాపిటి, హార్ట్ వంటి పాతకాలపు విమానాలలో, పైకప్పు లేని కాక్‌పిట్‌లో కూర్చుని, అరేబియా సముద్రం మీద గస్తీ తిరిగారు. తరువాత హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలలో శిక్షణ కోసం బ్రిటన్‌కు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఒకరై, 1944లో తిరిగివచ్చి, బర్మా రంగంలో జపాను సేనలపై జరిగిన పోరులో పాల్గొన్నారు. అదే బర్మా ఆకాశంలో, నిజాం విరాళానికి గుర్తుగా 'హైదరాబాద్' పేరు పెట్టుకున్న బ్రిటిష్ వారి 152వ స్క్వాడ్రన్ కూడా స్పిట్‌ఫైర్లతో పోరాడిందని ఈ సందర్భంలో మన ఊరి పాఠకులకు చెప్పాలనిపిస్తున్నది.

ఇక మీ రెండవ ప్రశ్న. పిలుపు వచ్చిన మాట వాస్తవం. పిలిచినవారు ఆయనతో కలిసి పనిచేసిన మిత్రులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. తరువాతి కాలంలో ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు పాకిస్తాన్ వాయుసేనకు అధిపతులయ్యారు. మతానికీ దేశానికీ ముడి పెట్టబోనని లతీఫ్ వారికి స్పష్టంగా చెప్పి ఇక్కడే ఉండిపోయారు. ఆ నిర్ణయం విలువ తెలియాలంటే హైదరాబాదు చరిత్రను పక్కన పెట్టుకుని చూడాలి. 1947 ఆగస్టులో నిజాం తన సంస్థానాన్ని ఏ దేశంలోనూ కలపకుండా స్వతంత్రంగా ఉంచాలని పట్టుపట్టి ఉన్నారు. పోలీసు చర్య జరిగి హైదరాబాదు విలీనమైనది 1948 సెప్టెంబరులో. అంటే లతీఫ్ భారతదేశాన్ని ఎంచుకున్ననాటికి ఆయన పుట్టిన ఊరే ఇంకా భారతదేశంలో లేదు. వాయుసేనకు తొలి ముస్లిం అధిపతి అన్న ఒక్క మాటతో ఆయనను పరిచయం చేసి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు కాని, నా దృష్టిలో, పాతికేళ్లు నిండని ఆ యువకుడు సొంత ఊరు ఎటు పోతుందో తెలియని రోజులలో తీసుకున్న ఆ నిర్ణయమే ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద సంగతి.

1971 యుద్ధకాలంలో ఆయన వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగం చూసే సహాయ అధిపతి. విమానం నడిపే పని కాకపోయినా, విమానాలు, సామగ్రి సిద్ధంగా లేనిదే ఏ పైలటూ పైకి లేవలేడు కనుక, దీనిని కూడా యుద్ధసేవగానే లెక్కించాలి. అధిపతి అయ్యాక ఏళ్ల తరబడి నలుగుతున్న జాగ్వార్ విమానాల కొనుగోలుకు ప్రభుత్వాన్ని ఒప్పించినవారు ఆయనే. 1979లో వచ్చిన ఆ విమానాలు శత్రుభూభాగంలోకి చాలా దూరం చొచ్చుకుపోయి దాడి చేయగల శక్తిని వాయుసేనకు ఇచ్చాయి.

పదవీ విరమణ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో భారత రాయబారిగా పనిచేసి, హైదరాబాదుకు తిరిగివచ్చిన లతీఫ్, 2018 ఏప్రిల్ 30న 94 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు.