పాలపన్ను నొప్పి పిల్లది, జాగారం ఇంటిల్లిపాదిది

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా, నాలుగేళ్ల బాబు పిప్పి పళ్లకు వేలకు వేలు పోసి చికిత్స చేయించాలా అని మీరు అడిగారు. చేయించాలి. రెండేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్న మా ఇంట్లో అందరినీ అడిగి, నాకు నచ్చిన జవాబు పట్టుకుని ఎనిమిది నెలలు ఊరుకున్నాను.

మేము బెంగళూరులో కుందలహళ్లి దగ్గర ఉంటున్నాము. ఇద్దరమూ ఉద్యోగస్థులమే. పాప పై వరుస ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపించినప్పుడు అనంతపురంలో ఉన్న మా అత్తగారికి ఫోను చేశాను. "పాలపళ్లే కదమ్మా, ఆరేళ్లకు అవే ఊడి కొత్తవి వస్తాయి" అన్నారు. ప్రాణం కుదుటపడింది. ఆరేళ్లకు ఊడటం మొదలయ్యేది ముందు పళ్లేనని, దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా నమలాల్సినవని అప్పటికి నాకు తెలియదు.

కొన్నాళ్లకు పాప అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నమలదు, మింగదు. పెరుగన్నమైతే తింటుంది, చపాతీ అంటే ఏడుపు. మారాం అనుకున్నాను. ఒక ఉదయం బడి బస్సు వచ్చే వేళకు ఆ బుగ్గ అలాగే ఉబ్బి ఉంటే వీపు మీద ఒక్కటి వేశాను. ఏడుస్తూనే మింగింది.

ఆ తర్వాత మూడో రోజు రాత్రి ఒంటిగంటన్నరకు మెలకువ వచ్చి చూస్తే మంచం మీద పిల్ల లేదు. వంటింటి గడప దగ్గర చెంప నేలకు ఆనించి పడుకుని ఉంది. ఏమైందమ్మా అంటే "ఇక్కడ చల్లగా ఉందమ్మా" అంది. ఎన్ని రాత్రుల నుంచి అలా వచ్చి పడుకుంటోందో! ఫోను లైటు వేసి నోరు తెరిపిస్తే కింద ఎడమ దవడ పన్ను మధ్య నల్లటి గుంట, పక్కన చిగురు మీద చీము పొక్కు. జ్వరానికని ఇంట్లో ఉంచిన పారాసిటమాల్ సిరప్ పోశాము. అది పనిచేసేదాకా పాప ఏడ్చిన ఏడుపుకు పక్కింటి కన్నడ ఆవిడ లవంగ నూనె పట్టుకుని తలుపు తట్టారు. తెల్లవారితే లెక్కల పరీక్ష ఉన్న మా పెద్దవాడు నిద్ర లేచి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని హాలులో కూర్చున్నాడు. మూడు గంటలకు నేను, మా ఆయన గొడవపడ్డాము. రాత్రిపూట సీసా పాలు అలవాటు చేసింది ఎవరన్నది గొడవ.

అలవాటు చేసింది నేనే. మూడేళ్లు నిండేదాకా చక్కెర కలిపిన పాల సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేది. తెల్లవారి ఏడున్నరకు బస్సు ఎక్కాల్సిన నాకు రాత్రి నాలుగు గంటలైనా నిద్ర దొరికేది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుందని, పాలూ చక్కెరా పళ్లను పట్టుకుని అలాగే ఉంటాయని, పాలపళ్ల పైనుండే గట్టి పింగాణీ పొర (ఎనామిల్) పలుచన కాబట్టి పుచ్చు త్వరగా లోపలి నరానికి చేరుతుందని తర్వాత డాక్టరు చెప్పారు. పాప పుట్టినప్పుడు టీకాల కార్డు ఇచ్చి ప్రతి తేదీ గుర్తుచేసిన వాళ్లలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. మొదటి పుట్టినరోజు లోపే పళ్ల డాక్టరుకు చూపించాలట. మా చుట్టుపక్కల అలా చూపించిన తల్లిని నేను ఇప్పటికీ చూడలేదు.

ప్రైవేటు క్లినిక్‌లో 34 వేలు అన్నారు. ఆరోగ్య బీమా వాళ్లను అడిగితే పళ్లకు వర్తించదన్నారు. చివరికి విక్టోరియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లాము. ఖర్చు చాలా తక్కువ, ఓపికగా చేశారు. కాకపోతే అయిదుసార్లు తిరగాలి. రెండు దవడ పళ్లకు నరం తీసి స్టీలు తొడుగులు వేశారు, మరో రెండింటికి సిమెంటు నింపారు. ఆ అయిదు రోజులూ నాకు జీతం కోత. ఇంటి నుంచి ఆ ఆసుపత్రి ఉన్న కె.ఆర్. మార్కెట్ దాకా బస్సులో వెళ్లిరావడానికే సగం రోజు.

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులను అడగడానికి 13 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, అమెరికాలో 2007లో వచ్చింది. తొమ్మిది ప్రశ్నలు పిల్లల గురించి, నాలుగు ఇంటివాళ్ల గురించి. పిల్లల పళ్ల వల్ల మీరు కలత చెందారా, మీదే తప్పని బాధపడ్డారా, పని మానుకోవలసి వచ్చిందా, డబ్బుకు ఇబ్బంది అయిందా. ఆ రెండో ప్రశ్న చదివి నేను ఏడ్చాను. మా ఇంట్లో వేలు చూపింది నా ఒక్కదాని వైపే. పాలు పట్టింది అమ్మ, పళ్లు తోమించనిది అమ్మ. చంక దిగనివ్వకుండా చాక్లెట్లు కొనిపెట్టిన తాతగారిని ఎవరూ ఏమీ అనలేదు. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ప్రతి పుట్టినరోజుకూ చాక్లెట్లు పంచనిచ్చే బడిని ఎవరూ ఏమీ అనలేదు. స్ట్రాబెరీ వాసన వేసి, బొమ్మలు వేసి, పుచ్చును అడ్డుకునే ఫ్లోరైడ్ లేకుండా అమ్మే పిల్లల పేస్టులను నేనే రెండేళ్లు కొన్నాను. పెట్టె మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉందో లేదో చూసి కొనండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. రాత్రి పడుకునే ముందు మీరే తోమండి. ఏడేళ్లు వచ్చేదాకా వాళ్ల చేతికి వదిలేయకండి.

చికిత్స మానేస్తే చీము కిందకు దిగి, లోపల తయారవుతున్న అసలు పన్నును పాడు చేయవచ్చు. పన్ను ముందే తీసేస్తే పక్కవి ఆ ఖాళీలోకి జరిగి, వచ్చే పన్నుకు చోటు ఉండదు. ఇవన్నీ నిజమే. అయినా మీ డబ్బు లెక్కలో ఆ రాత్రుల్ని కూడా వేసుకోండి. పెద్దవాడి పరీక్ష, మీ సెలవులు, మీరిద్దరూ ఒకరినొకరు అనుకునే మాటలు, ఆ పసివాడికి రాని నిద్ర. 34 వేలు నాకు పెద్ద మొత్తమే. ఎనిమిది నెలల ముందు వెళ్లి ఉంటే సిమెంటుతోనే పోయేదని డాక్టరు అన్నారు.

తొడుగులు వేసిన నెలకు పాప జంతిక నమిలింది. ఆ చప్పుడుకు నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో ముద్ద బుగ్గన పెట్టుకుంటే ఎవరూ కసరరు. ముందు లైటు తెచ్చి నోరు చూస్తాము.