‘పరదేశి’ అంటే అనుమతి ఉన్నవాడేనా?

ప్రశ్న: డాలస్‌లో మా తెలుగు చర్చి బైబిల్ స్టడీ నేనే నడుపుతాను. వలసదారుల పక్షాన మాట్లాడే ఇక్కడి ప్రొఫెసర్లు లేవీయకాండము 19:34 చూపి పరదేశిని మనలాగే ప్రేమించాలంటున్నారు. హీబ్రూలో ఆ మాటకు అనుమతితో వచ్చినవాడనే అర్థమని మా సభ్యుడొకరి వాదన. ఏది సరి?

జవాబు: మీ సభ్యుడిది గాలివాదన కాదు. ప్రాచీన ఈజిప్టు నిపుణుడు జేమ్స్ హాఫ్‌మైయర్ 2009లో దాదాపు ఇదే రాశారు. యోసేపు సోదరులు ఈజిప్టులోని గోషెనులో ఉండనివ్వమని ఫరోను అడిగి ఒప్పించుకోవడం (ఆదికాండము 47) ఆయన చూపే ఆధారాల్లో ఒకటి. అంతకు ఏడాది ముందే, గ్వాటెమాల మూలాలున్న పాత నిబంధన ప్రొఫెసర్ డేనియల్ కారోల్ వలసదారుల వైపు నిలబడి ఇవే వచనాలను చదివారు.

మాట మాత్రం హాఫ్‌మైయర్‌కు అంతగా సహకరించదు. ఆ వచనంలోని హీబ్రూ మాట ‘గేర్’, అంటే సొంత ఊరూ బంధుబలగమూ వదిలి మరోచోట బతుకుతున్నవాడు. 2 సమూయేలు 4:3లో బెయేరోతీయులు పారిపోయి గిత్తయీములో ఉండిపోతారు. అక్కడున్నది అదే ధాతువు, ఎవరి అనుమతీ అడిగినట్టు లేదు. న్యాయాధిపతులు 19:16లో ఎఫ్రాయిము నుంచి వచ్చి గిబియాలో ఉంటున్న ముసలాయనకూ అదే ధాతువు వాడారు. ఆయన పరాయి దేశస్థుడు కూడా కాదు! పాలమూరు నుంచి ముంబయి పోయిన కూలీ కూడా ఇందులో ఇమిడిపోతాడు కనుక ‘పరదేశి’ కన్నా మన ‘వలస వచ్చినవాడు’ దీనికి దగ్గర.

తెలుగు మాట ఒక్కటే పట్టుకుని వాదిస్తే దెబ్బతింటారు. హీబ్రూలో ‘నొక్రి’ అని ఇంకో మాట ఉంది, అంటే బయటివాడు. ద్వితీయోపదేశకాండము 14:21లో మన పాత అనువాదం వీళ్లను పరదేశి, అన్యుడు అని వేరు చేసింది కానీ, రూతు 2:10లో నొక్రినీ పరదేశి అనేసింది. స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్లోని ఒక్కో మూలపదానికి ఇచ్చిన సంఖ్యలు) ఉన్న యాప్‌లో ప్రతి వచనమూ చూసుకోండి: గేర్ 1616, నొక్రి 5237. నొక్రి దగ్గర వడ్డీ తీసుకోవచ్చు (ద్వితీ. 23:20), అతని అప్పు వసూలు చేసుకోవచ్చు (15:3). వలసదారుల పక్షం వాళ్లు ఈ రెంటినీ దాటేస్తే ఎదుటివాళ్లకు దొరికిపోతారు.

నిజానికి ప్రేమ వచనం కన్నా కూలి వచనాలకే బలం ఎక్కువ. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం తీయండి. గేర్‌కైనా పొద్దుగూకకముందే కూలి ఇచ్చెయ్యాలి (14, 15). అతనికి న్యాయం తప్పించకూడదు (17). పొలంలో మరచిన పన, ఒలీవ, ద్రాక్ష పరిగె అతనివే (19–21). వీసా అన్నదే లేని కాలపు చట్టమిది. సరిహద్దు ఎవరు దాటవచ్చో ఇందులో వెతకొద్దు. దాటి వచ్చినవాడి కూలి ఎగ్గొట్టవచ్చా అంటే మాత్రం జవాబు సూటిగా ఉంది.

ప్రశ్న: ‘పై అధికారులకు లోబడాలి’ అన్న రోమా 13 మాటేమిటి?

జవాబు: 2018 జూన్ 14న అప్పటి అమెరికా అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ ఫోర్ట్ వేన్‌లో ఈ అధ్యాయాన్నే ఎత్తారు. సరిహద్దులో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేస్తున్న రోజులవి. పౌలు ఉత్తరంలో అధ్యాయాలు లేవు, అవి 13వ శతాబ్దపు విభజన. అందుకే 12:9 నుంచి 13:10 దాకా ఆపకుండా చదివించండి. 12:13లోని ‘ఆతిథ్యము’కు గ్రీకు మాట ‘ఫిలోక్సెనియా’, అక్షరార్థం కొత్తవారిపట్ల ప్రేమ. 13:10 ‘ప్రేమ పొరుగువానికి కీడు చేయదు’ అంటుంది. లోబడమన్న మాట ఈ రెంటి నడుమ ఉంది.