ఎమ్మెల్యే అయిన మా మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నియోజకవర్గంలో ఇంటింటికీ నెలకో ఉత్తరం పంపబోతున్నావని, వాట్సాప్ చానల్ కూడా పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అసెంబ్లీలో ఏం జరిగిందీ, మన ఊళ్ల పనులు ఎక్కడిదాకా వచ్చాయీ అన్నీ అందులో రాస్తావట. విని పొంగిపోయాను. గెలిచినవాళ్లలో చాలామంది మళ్లీ ఓటు అడిగేదాకా జనానికి కాగితం ముక్క పంపరు. అయితే ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. పీఏగా పనిచేసినవాణ్ణి, అచ్చయిన కాగితమంటే నాకుండే భయం నీకింకా తెలియదు. మైకులో జారిన మాటను ఎలాగోలా సర్దుకోవచ్చు. నీ ఫొటో, నీ సంతకం ఉన్న కాగితాన్ని జనం పాస్‌బుక్‌తో పాటు బీరువాలో పెట్టుకుంటారు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. రెండు పేజీలు దాటకు. అక్షరాలు పెద్దవి వేయించు. ఫొటో ఒకటి చాలు. పార్టీ పెద్దల ఫొటోలన్నీ పైన పేర్చావంటే దాన్ని ఫ్లెక్సీ అనుకుని పక్కన పడేస్తారు. ఫోన్ లేనివాళ్ల కోసం గ్రామ సచివాలయం దగ్గరా, రేషన్ షాపు దగ్గరా ఒక్కో కాపీ అతికించు. ఎన్నికల కోడ్ వచ్చిన రోజు ఉత్తరం ఆపేయ్, అందులో రిస్కు నీకెందుకు.

ఇక అసలు సంగతి.

ఉమ్మడి రాష్ట్రంలో, సభలో 294 మంది ఉన్న రోజుల్లో, నేను ఒక ఎమ్మెల్యే దగ్గర పనిచేశాను. పేరెందుకులే. మంచి మనిషి, చెయ్యి కూడా శుభ్రమే. ఆయన నియోజకవర్గంలో ఒక వాగు, దాని మీద చప్టా. వానాకాలం వస్తే చప్టా మునిగిపోయేది, అవతలి ఊళ్లకు బస్సు బంద్. ఆయన సభలో నక్షత్రం గుర్తు ప్రశ్న, అంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న, వేశాడు. మంత్రిగారు లేచి, "అంచనాలు తయారు చేయిస్తున్నాం, నిధుల లభ్యతను బట్టి వంతెన పని చేపడతాం" అన్నారు. మా ఎమ్మెల్యేకు చివరి మాటొక్కటే వినపడింది. సాయంత్రం కాకముందే హైదరాబాద్ నుంచి ఊళ్లకు ఫోన్లు వెళ్లాయి. వారం తిరక్కుండా "వంతెన సాధించాం" అని కరపత్రం. వచ్చే వానాకాలానికి బస్సు ఆగదని కూడా అందులో అచ్చేయించాడు. ఆ ఊళ్లలో ఆయన ఫొటోకి పాలాభిషేకాలు చేశారు.

కొన్నాళ్లకు జీవో నిజంగానే వచ్చింది. పరిపాలనా ఆమోదం. శంకుస్థాపన చేశారు, శిలాఫలకం పెట్టారు. అయితే జీవోకీ కాంక్రీటుకీ మధ్య ఎంత దూరముందో మాకు తెలుసు, ఆ ఊళ్లవాళ్లకు తెలియదు. పరిపాలనా ఆమోదం అంటే, ఇంత ఖర్చుతో ఈ పని చేయొచ్చని సర్కారు ఒప్పుకోవడం, అంతే. తర్వాత ఇంజనీర్ల సాంకేతిక ఆమోదం, టెండరు, అగ్రిమెంటు, కావాల్సి వస్తే భూసేకరణ, చివరికి బిల్లులకు డబ్బు విడుదల కావడం. వీటిలో ఏ మెట్టు మీదైనా పని చతికిలబడొచ్చు. మా వంతెన టెండరు దగ్గర కూర్చుండిపోయింది. పాత బిల్లులే రాలేదని ఒక్క కాంట్రాక్టరూ ముందుకు రాలేదు. మళ్లీ పిలిచారు, మళ్లీ అంతే. ఆ తర్వాత మొదలుకాని పనులన్నీ రద్దు చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. అందులో మాదీ పోయింది.

ఈ సంగతి మా ఆఫీసుకు అందరికంటే ముందే తెలుసు. మరో కరపత్రం వేద్దామా అని అడిగితే ఆయన, "ఎలక్షన్ల దాకా ఆగుదాంలే, ఈలోపు ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు. మొదటి కరపత్రానికి నేను ఆయన్ని ఈరోజుకీ తప్పుపట్టను. ఉత్సాహంలో ఎవరైనా తొందరపడతారు. రెండోది వేయకపోవడమే క్షమించలేకపోయాను.

వాగు అవతల ఊరి కుర్రాడొకడు టౌన్‌కు పాలు వేయడానికి అప్పు చేసి ఆటో కొన్నాడు. వచ్చే వానలకల్లా వంతెన వస్తుందని అచ్చేసి ఉంది కదా. వానలు వచ్చాయి, ఆటో ఇంటి ముందు ఆగిపోయింది, ఫైనాన్స్ వాళ్లు మాత్రం ఆగలేదు. ఇవాళ కాకపోతే రేపు పని మొదలవుతుందని వాయిదాలు కట్టుకుంటూ వచ్చాడు. రద్దయిందన్న మాట అతనికి చెప్పింది ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), అదీ వేరే పని మీద ఊళ్లోకి వచ్చి, మాటల మధ్యలో. కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అరుస్తాడనుకున్నాం. "రాదని అప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆటో అమ్ముకునేవాణ్ణి కదయ్యా" అన్నాడు, అంతే. లోపల గదిలో ఉన్న ఎమ్మెల్యే బయటికి రాలేదు. ఆ తర్వాత ఆ ఊళ్లకు మేం ఏ కాగితం పంపినా ఎవరూ నమ్మలేదు. మంచినీళ్ల ట్యాంకు నిజంగా శాంక్షన్ అయి పని నడుస్తున్నప్పుడు కూడా, "వంతెనలాంటిదేనా?" అని నవ్వారు. ఆయన తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. దీనివల్లే ఓడాడని అనను, ఆ ఏడు గాలే అలా ఉంది.

అందుకని నీ ఉత్తరంలో ఒక భాగాన్ని ఎప్పటికీ తీసేయకు. కిందటిసారి చెప్పిన పనులు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాయో ఊరూరి పేరుతో రాయి. కదలకపోతే కదల్లేదని రాయి. ఎందుకు కదల్లేదో తెలిస్తే అదీ రాయి. రద్దయితే ఆ కబురు నీ దగ్గర్నుంచే ముందు వెళ్లాలి, మంచి కబురు అందుకున్న ఇళ్లన్నిటికీ వెళ్లాలి. మీ పార్టీవాళ్లు గోల పెడతారు. "మన చేత్తో మనమే ప్రతిపక్షానికి కాగితం ఇస్తామా మేడం" అంటారు. అననీ.

మంత్రి సభలో ఇచ్చిన జవాబును నీ మాటల్లోకి మార్చి రాయకు. "పరిశీలిస్తాం" అంటే అలాగే రాయి. బడ్జెట్‌లో కేటాయించారంటే కేటాయించారనే రాయి, విడుదలైందని రాయకు. సభలో మాట్లాడిన ప్రతి మాటా శాసనసభ సొంత రిపోర్టర్లు రాసుకుంటారు, ఆ ప్రతి తెప్పించుకుని చూసుకో. జ్ఞాపకాన్ని నమ్ముకోకు. ఇంకో సంగతి, శాసనసభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు ఏమయ్యాయని వెంటపడి అడగడమే దాని పని. పార్లమెంటులోనైతే "పరిశీలనలో ఉంది" లాంటి మాటను కూడా హామీ కిందే లెక్కేస్తారు. కొత్త సభ్యులు సర్కారు ఖర్చుల లెక్కలు చూసే పీఏసీ కావాలని పైరవీ చేస్తారు కానీ ఈ కమిటీ వైపు చూడరు. నువ్వు చూడు.

రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని మాత్రమే రాజ్యాంగం 174వ అధికరణ చెబుతుంది. కాబట్టి చాలా నెలల్లో సభ గురించి రాయడానికి ఏమీ ఉండదు. ఆ నెల అర పేజీ పంపు. పేజీ నింపడానికి పెళ్లిళ్లకు వెళ్లిన ఫొటోలు పెట్టావంటే నేనే ఫోన్ చేసి తిడతాను.

బిల్లుల గురించి మాత్రం పాసయ్యేదాకా ఆగకు. సభలో ప్రవేశపెట్టిన రోజే అందులో ఏముందో, మన రైతుకీ షాపతనికీ ఏం మారుతుందో రాయి. 2024 ఎన్నికల ముందు, భూమి యాజమాన్య హక్కుల మీద తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి ఊళ్లలో ఎంత భయం రేగిందో నువ్వే తిరిగి చూశావు. చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను, ఆ జూలైలో కొత్త సభ రద్దు బిల్లు కూడా పాస్ చేసేసింది. నా బాధ వేరు. తన భూమికి సంబంధించిన చట్టమొకటి వచ్చిందని మన రైతు ఎన్నికల మైకుల్లో విన్నాడు. దాని గురించి అతనికి అందిన మొదటి కాగితం కూడా ఎన్నికల కరపత్రమే. పాసయ్యాక కూడా పని అయిపోదు. శాసన మండలి ఉంది, గవర్నర్ ఆమోదం ఉంది, గెజిట్, అమలు తేదీ, ఆ తర్వాత రూల్స్. రేపట్నుంచే అమలు అనుకుని మీసేవకు పరిగెత్తేవాళ్లుంటారు, తేదీ స్పష్టంగా వేయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయమైనది. నువ్వు ఆవేశపరురాలివి. ఏ తహశీల్దారో డబ్బు తిన్నాడని సభలో మాట్లాడతావు, అదే మాట ఉత్తరంలో అచ్చేయిస్తావు. సభలో అన్నదానికి 194వ అధికరణ రక్షణ ఉంది. సభ అధికారంతో అచ్చయినదానికీ ఉంది. నీ సొంత ఉత్తరానికి ఆ గొడుగు లేదు. పశ్చిమ బెంగాల్‌లో జతీశ్ చంద్ర ఘోష్ అని ఒక ఎమ్మెల్యే ఉండేవాడు. ఒక అధికారి తీరు మీద సభలో అడగాలని ప్రశ్నలిచ్చాడు. వాటిని అనుమతించలేదు. 1954లో ఆయన అవే ప్రశ్నలను ఒక స్థానిక పత్రికలో వేయించాడు. ఆ అధికారి పరువు నష్టం కేసు పెట్టాడు. నేను ఎమ్మెల్యేని, ఇవి నా ప్రశ్నలు అంటే కుదరదని, సభా హక్కులు దీనికి వర్తించవని 1961లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పుడు నేరాల పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కానీ పరువు నష్టం నేరంగానే ఉంది, 356వ సెక్షన్. స్పీకర్ రికార్డుల్లోంచి తొలగించిన మాటలు వేసినా, కమిటీలో చూసిన నివేదిక సభకు రాకముందే బయటపెట్టినా సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది. "రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఇన్ని ఎకరాలు పొరపాటున చేరాయి, ఫలానా తేదీన కలెక్టర్‌కు రాశాను, జవాబు రాలేదు" అని రాస్తే చాలు. పేర్లు పెట్టకుండానే ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది.

ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కులు ఇచ్చేటప్పుడు ఫొటోలు తీస్తారు కదా. జబ్బు పేరు, ఊరి పేరు, మొహం కలిపి ఉత్తరంలో వేయకు. ఒకావిడ గర్భసంచి ఆపరేషన్ సంగతి ఇలాగే ఊరంతటికీ తెలిసి, ఆమె మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎంతమందికి సాయం అందిందో రాస్తే సరిపోతుంది.

నీ ఆఫీసులో ఉత్తరం ఎవరు రాస్తున్నారు? డ్రాఫ్టు ఎవరైనా రాయనీ, చివరి ప్రతి మాత్రం నువ్వు చదవకుండా బయటికి పోకూడదు. పీఏల్ని నమ్మకు, నాలాంటివాళ్లనైతే అసలే నమ్మకు. అయ్యగారికి నచ్చుతుందని మేం "కృషి చేస్తున్నారు"ని "సాధించారు" చేసేస్తాం. వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి వచ్చిన తిట్లకు నువ్వే కూర్చుని జవాబులిస్తున్నావని కూడా విన్నాను. అది మానేయ్ తల్లీ. తిట్టినవాడు పడుకుంటాడు, నువ్వు పడుకోవు. పొద్దున చూసుకో. అందులో నిజమైన ఫిర్యాదు ఉంటే నంబర్ వేసి రిజిస్టర్‌లో ఎక్కించు.

భాష గురించి ఒక్క మాట. సత్తెనపల్లి నుంచి పదేపదే గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు తర్వాత అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యారు. అంతకు ముందే, 1966లో, తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. అయినా మన జీవోలు తెలుగులో ఉన్నా సరే జనానికి అర్థం కావు. "పరిపాలనా ఆమోదం" అని రాసి వదిలేయకు. పక్కనే, ఇంకా డబ్బు రాలేదు, టెండరు పిలవాలి అని రాయి.

మొన్నటి సమావేశాల్లో నువ్వు కాలువ పూడిక గురించి అడిగితే మంత్రి "నివేదిక తెప్పించుకుంటాం" అన్నారు కదా. మొదటి ఉత్తరం దాంతోనే మొదలుపెట్టు. ఆ జవాబును ఉన్నదున్నట్టు వేసి, నివేదిక వచ్చిందో లేదో వచ్చే నెల చెబుతానని కింద రాయి. అచ్చుకు ఇచ్చేముందు నాకు పంపితే ఎర్ర పెన్ను పెట్టుకుని చూస్తాను. మూడో పేజీ ఉంటే మాత్రం చదవకుండానే తిప్పి పంపేస్తాను.

మీ మామయ్య