టెక్ సందేహాలు: క్లాసు గ్రూపులో పిల్లలు మాట్లాడాలంటే?

ప్రశ్న: మాది కోనసీమలో హైస్కూలు. తొమ్మిదో తరగతికి వాట్సాప్ గ్రూపు పెట్టాను. హోంవర్క్ పెడితే ‘ఓకే మేడమ్’ అంటారు, అంతే. లంక గ్రామాల పిల్లలు వరదలప్పుడు బడికి రాలేరు. వచ్చాక కూడా విడిగానే కూర్చుంటున్నారు. అందరినీ కలిపే మంచి యాప్ ఏదైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మేడమ్, కొత్త యాప్ సంగతి తర్వాత చూద్దాం. మీ గ్రూపులో పిల్లలకు మీతోనే పని, ఒకరితో ఒకరికి పని లేదు. ముందు ఆ పని కల్పించాలి.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో వేర్వేరు జాతుల పిల్లలు కొత్తగా ఒకే బడికి వచ్చి గొడవపడుతుంటే, ఇలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘జిగ్సా’ పద్ధతి తెచ్చారు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. పక్కవాళ్లు చెబితేగాని మిగతా పాఠం తెలియదు.

మీకు గోదావరి వరదే పాఠం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ అంకెల వివరాలు గట్టు ఇవతలి పిల్లలు సేకరిస్తారు. మరి ఎర్రనీరు వచ్చాక ముందు ఏ కాజ్‌వే మునుగుతుంది, పశువుల్ని ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలతారు, పడవ ఎప్పుడు ఆపేస్తారు? ఇవి లంక పిల్లలకే తెలుసు. క్లాసంతా వాళ్ల నోట వినాల్సిన పాఠమిది. నాకైతే ఏ యాప్ కన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

ఇక సెట్టింగులు. గ్రూపు పర్మిషన్లలో సభ్యులు కూడా మెసేజ్ పంపేలా ఉందో లేదో చూడండి. నలుగురైదుగురికి ఒక చిన్న గ్రూపు చేయండి, అరవై మంది ముందు నోరు మెదపని పిల్లలు అక్కడ మాట్లాడతారు. అయితే వాట్సాప్ గ్రూపులో ఫోన్ నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఉంటే గూగుల్ క్లాస్‌రూమ్ వాడండి. నంబర్లు బయటపడవు. పిల్లలు కూడా పోస్టులు, కామెంట్లు పెట్టేలా సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

లైవ్ క్లాసు మాత్రం వద్దు. చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అదీ నాన్నతో చేలోకో చెరువు మీదికో వెళ్లి రాత్రికి వస్తుంది. నిమిషం వాయిస్ మెసేజ్ చాలు. వరదలో సిగ్నల్ లేకపోయినా వాట్సాప్‌లో రికార్డు చేసి పంపమనండి, సిగ్నల్ అందగానే వెళ్లిపోతుంది.